నగర తాళంచెవి ఎవరిది? ఆల్గాన్క్విన్ సభలు, కథలు, నేల

కెనడా రాజధాని ఒట్టావాలో ఇవాళ యూనివర్సిటీ సెమినారైనా, మునిసిపల్ మీటింగైనా, పుస్తకావిష్కరణైనా మొదట ఒక మాట చెప్పి మొదలుపెట్టడం అలవాటైంది. మనం కూర్చున్న ఈ నేల ఆల్గాన్క్విన్ అనిషినాబె ప్రజలది, వాళ్ళు దీన్ని ఎన్నడూ ఎవరికీ రాసివ్వలేదు అన్నది ఆ మాట సారాంశం. కొన్ని సభలకు ఆల్గాన్క్విన్ పెద్దల్ని కూడా పిలుస్తారు. వాళ్ళు తమ భాషలో నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి, టైముంటే ఒక కథ చెబుతారు. జనం చప్పట్లు కొడతారు. తర్వాత ఎజెండాలో రెండో అంశానికి వెళతారు. నేల మాత్రం ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

ఈ వ్యాసంలో మేం చర్చించదలచుకున్నది ఆ మాటకూ ఈ నేలకూ మధ్య ఉన్న దూరాన్ని. నేల పోగొట్టుకున్న ఒక జాతి తన చరిత్రనూ నమ్మకాలనూ కథలనూ సభల్లో నలుగురితో పంచుకోవడం విముక్తి వైపు వేసే అడుగా? లేక ఆధిపత్య సమాజం చేతులు కడుక్కోవడానికి అందించే చెంబెడు నీళ్ళా? రెండూ కావచ్చునని మా అభిప్రాయం. ఎప్పుడు ఏది అవుతుందో, ఎవరివల్ల అవుతుందో తేల్చుకోవాలి. కాలేజీ ఫెస్టివల్‌లో డప్పు కొట్టించి, శాలువా కప్పి పంపించేసే పద్ధతి చూస్తున్న మనకు ఇది పక్కూరి గొడవేం కాదు.

పేరు సంగతి

తెలుగు పాఠకుల్లో చాలామందికి వీళ్ళు 'రెడ్ ఇండియన్లు'గానే తెలుసు. కౌబాయ్ సినిమాల్లో ఈకలు పెట్టుకుని కేకలు వేసే గుంపుగా తెలుసు. దారి తప్పిన కొలంబస్ పెట్టిన తప్పుడు పేరుకు మీదనుంచి రంగు పూస్తే వచ్చిన మాట అది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే చరిత్ర కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుందని మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఆల్గాన్క్విన్లు తమను తాము అనిషినాబె అని పిలుచుకుంటారు. పండితులు వాడే 'ఆల్గాన్కియన్' అన్నది వేరు. అది క్రీ, ఒజిబ్వె, మిక్మాక్, బ్లాక్‌ఫుట్ లాంటి ఎన్నో భాషలున్న ఒక పెద్ద భాషా కుటుంబం పేరు. ఆల్గాన్క్విన్ అందులో ఒక జాతి. వీళ్ళ బతుకంతా ఒట్టావా నది చుట్టూ అల్లుకుంది. వాళ్ళ భాషలో ఆ నది కిచి సిబి, అంటే మహానది. ఈనాటి లెక్కలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆల్గాన్క్విన్ సమూహాలు పది. తొమ్మిది క్విబెక్ రాష్ట్రంలో ఉన్నాయి, ఒక్క పిక్వాకనగాన్ మాత్రం ఒంటారియోలో ఉంది. ఒకే నదీలోయలో బతికిన జనాన్ని తెల్లవాళ్ళ రాష్ట్ర సరిహద్దు నడిమికి చీల్చింది.

1613లో ఫ్రెంచి వాడు షాంప్లేన్ ఆ నది మీద పైకి వెళ్ళినప్పుడు ఖాళీ అడవి కనపడలేదు. దారిలో ఒక దీవిలో టెసువా అనే నాయకుడూ అతని జనమూ ఉన్నారు. ఆ దారిన పోయే పడవల దగ్గర వాళ్ళు సుంకం వసూలు చేసేవాళ్ళు. నది మీద సుంకం వసూలు చేసే జాతికి నది మీద హక్కు లేదని ఎట్లా అంటారు? 1800లో ఫిలిమన్ రైట్ అనే అమెరికన్ వచ్చి ఇప్పటి ఒట్టావాకు ఎదురొడ్డున చెట్లు నరకడం మొదలుపెట్టాడు. ఎవరి అనుమతితో నరుకుతున్నావని ఆల్గాన్క్విన్ నాయకులు నిలదీశారు. ఈ సంగతి అతనే రాసుకున్నాడు. వలస ప్రభుత్వ అధికారులు మాత్రం ఆ నేల మీద వాళ్ళకు హక్కేమీ లేదని తేల్చేశారు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు నుంచే, 1772 నుంచే, ఆల్గాన్క్విన్లు అర్జీలు పెడుతూ వచ్చారు. 1850ల తొలి ఏళ్ళలో క్విబెక్ వైపు కిటిగాన్ జిబి దగ్గర కొంత నేల రిజర్వు చేశారు. ఒంటారియో వైపు వాళ్ళు 1873లో తమ సొంత నేలలోంచే 1,561 ఎకరాలు డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. ఇప్పటి పిక్వాకనగాన్ అదే.

సభ పెట్టుకోవడమే నేరం

'సభల్లో సంస్కృతిని పంచుకోవడం' అన్న మాట వినడానికి మెత్తగా ఉంటుంది. దాని వెనక ఉన్న చట్టాల్ని చూస్తే ఆ మెత్తదనం పోతుంది. కెనడా ఇండియన్ చట్టానికి 1884లో చేసిన సవరణ పడమటి తీరపు జాతుల పాట్‌లాచ్ వేడుకను నేరం చేసింది. 1895లో ఆ నిషేధాన్ని ఇంకా ఎన్నో క్రతువులకూ నాట్యాలకూ పొడిగించారు. 1927లో మరో అడుగు వేశారు. భూమి హక్కుల దావా కోసం చందాలు పోగుచేయడం, లాయర్‌ను పెట్టుకోవడం కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా చేస్తే నేరమే అన్నారు. ఈ నిషేధాలు 1951 దాకా చట్టం నుంచి తొలగిపోలేదు.

దీన్ని జాగ్రత్తగా చదవండి. క్రతువుకూ భూమి దావాకూ ఒకే చట్టం తాళం వేసింది. ఆ రెండూ ఒకటేనని పాలకులకు బాగా తెలుసు. జనం ఒకచోట చేరితే పాట వస్తుంది, పాట వెంట కథ వస్తుంది, కథ వెంట ఈ నేల ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది తెలియనిదల్లా ఇవాళ 'ఇది కేవలం సాంస్కృతిక కార్యక్రమం, రాజకీయాలు వద్దు' అని చెప్పే నిర్వాహకులకే.

ఇదే కాలంలో పిల్లల్ని తల్లుల ఒడిలోంచి లాక్కుపోయి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. దేశం మొత్తం మీద దాదాపు 1,50,000 మంది పిల్లలు ఆ స్కూళ్ళలోకి వెళ్ళారు. ఆల్గాన్క్విన్ పిల్లల్ని పంపినవాటిలో క్విబెక్‌లో ఆమోస్ పట్నం దగ్గర 1955 నుంచి 1973 దాకా నడిచిన స్కూలు ఒకటి. సొంత భాష మాట్లాడితే దండన. కథ చెప్పే ముసలివాళ్ళు ఊళ్ళో మిగిలారు, వినే పిల్లలు అక్కడ లేరు. మౌఖిక సాహిత్యాన్ని చంపడానికి పుస్తకాలు తగలబెట్టాల్సిన పనిలేదు. వినేవాణ్ణి ఎత్తుకుపోతే చాలు.

ఇక్కడ మాబోటి వాళ్ళం ఒక తేడా గుర్తించి తీరాలి. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాదే. మా తాతల్ని బడి గడప దగ్గరే ఆపేశారు. వాళ్ళ తాతల్ని బడిలోకి ఈడ్చుకుపోయారు. మనల్ని అంటరానివాళ్ళని దూరం పెట్టింది ఒక వ్యవస్థ. వాళ్ళను తనలో కలిపేసుకుని ఆనవాలు లేకుండా చేయాలని చూసింది ఇంకో వ్యవస్థ. అందుకని 'వాళ్ళూ మనమూ ఒకటే' అని తేలిగ్గా అనేయడం మాకు ఇష్టం లేదు. కానీ రెండుచోట్లా మాట్లాడే హక్కే మొదట పోయింది. అక్కడినుంచే మన చర్చ మొదలవుతుంది.

వాళ్ళ తరఫున మాట్లాడినవాళ్ళు

ఆల్గాన్క్విన్లు నోరు విప్పడానికి వీల్లేని ఆ రోజుల్లో వాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువేమీ లేరు. అందులో మూడు రకాల మనుషుల్ని చూద్దాం.

మొదటిరకం కథల్ని సేకరించిన పండితుడు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఫ్రాంక్ స్పెక్ టిమిస్కమింగ్ ఆల్గాన్క్విన్ల పురాణ కథల్ని, జానపద కథల్ని సేకరించాడు. 1915లో వాటిని కెనడా జియలాజికల్ సర్వే అచ్చువేసింది. అవును, భూగర్భ శాఖే. అప్పట్లో మానవశాస్త్ర విభాగం దాని కిందనే ఉండేది. ఏ కొండలో ఏ ఖనిజం ఉందో వెతికే శాఖే ఏ ముసలాయన దగ్గర ఏ కథ ఉందో కూడా వెతికి జాబితా రాసుకుంది. 1909లో మన దగ్గర థర్స్టన్ ఏడు సంపుటాల్లో కులాల్నీ తెగల్నీ పేర్చిపెట్టిన పనికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

అయితే స్పెక్‌ను ఒక్క మాటతో కొట్టిపారేయలేం. ఆల్గాన్క్విన్ కుటుంబాలకు తరతరాలుగా హద్దులున్న వేటభూములు ఉన్నాయని ఆయన పటాలు గీసి చూపించాడు. ఆ అడవి ఎవరిదీ కాదన్న ప్రభుత్వ వాదానికి అది గట్టి జవాబు. పరాయివాడి పుస్తకం కూడా మన చేతిలో ఆయుధం కావచ్చు. థర్స్టన్‌ను మన పరిశోధకులు తిరగేసి చదివినట్టే స్పెక్‌ను వాళ్ళు తిరగేసి చదువుకోవచ్చు. కానీ ఆ కథలకు ఒక కాలం ఉంది, ఒక చోటు ఉంది. అనిషినాబె సంప్రదాయంలో ఇట్లాంటి కథలు నేల మీద మంచు ఉన్న కాలంలోనే చెప్పాలి. విసకెజాక్ అనే మాయగాడు ఒకరిని మోసం చేయబోయి తానే బోర్లా పడే కథలు చలికాలం రాత్రి మంట చుట్టూ చెప్పుకునేవి. అచ్చులోకి వచ్చాక వాటికి కాలం పోయింది. ఆ కథ ఎవరిదన్న సంగతి పోయి, ఎవరు సేకరించారన్నది మిగిలింది.

రెండోరకం జాలిపడే కవి. డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్ కెనడా జాతీయ కవుల్లో పేరున్నవాడు. ఆదివాసుల మీద, కనుమరుగైపోతున్న జాతి మీద విషాద గీతాలు రాశాడు. అదే మనిషి 1913 నుంచి 1932 దాకా ఇండియన్ వ్యవహారాల శాఖను నడిపిన పై అధికారి. పిల్లల్ని స్కూళ్ళకు పంపడం తప్పనిసరి చేసిన 1920 నాటి చట్టం, లాయర్లను నిషేధించిన 1927 నాటి చట్టం ఆయన హయాంలోవే. పగలు ఆఫీసులో సంతకం పెట్టినవాడే తీరిక దొరికినప్పుడు కన్నీరు కార్చాడు. ఇలాంటి కవిత్వాన్ని 'మానవతావాదం' అని మెచ్చుకునే విమర్శకులు మన దగ్గరా ఉన్నారు. దళితుడి దైన్యం మీద పద్యం రాస్తారు, దళితుడి పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. కవితలో కన్నీళ్ళున్నాయా లేదా అన్నది మాకు ముఖ్యం కాదు. కవి సంతకం ఇంకెక్కడెక్కడ ఉందో చూడాలంటాం.

మూడోరకం వేషగాడు. 1930లలో ఇంగ్లండు సభల్లో గ్రే ఔల్ అనే 'ఇండియన్' ఉపన్యాసాలకు జనం విరగబడి వచ్చారు. 1935-36 పర్యటనలో రెండు వందలకు పైగా సభల్లో మాట్లాడాడు. 1937లో రాజు ఎదుట కూడా మాట్లాడాడు. తోలు చొక్కా, జడలు, ఈక, అడవిని కాపాడాలన్న సందేశం. 1938 ఏప్రిల్‌లో ఆయన చనిపోగానే అసలు సంగతి బయటపడింది. ఆయన ఇంగ్లండులో హేస్టింగ్స్ పట్నంలో పుట్టిన ఆర్చిబాల్డ్ బెలానీ అనే తెల్లవాడు.

ఈ కథను కెనడాలో వింత మోసంగా చెప్పుకుంటారు. మాకు అందులో మోసగాడికన్నా ముఖ్యమైన మనిషి ఇంకొకరు కనిపిస్తారు. ఆమె పేరు అనహారియో. 1906లో మట్టావా అనే ఊళ్ళో పుట్టిన ఆమె ఆల్గాన్క్విన్, మోహాక్ రక్తం ఉన్న మనిషి. బీవర్లను ఉచ్చులేసి పట్టే పని మానిపించి, తల్లి చచ్చిన పిల్లల్ని సాకేలా చేసింది ఆమే. అంటే ఆయన ఉపన్యాసాల వెనకున్న అసలు ఆలోచన ఆమెది. అంతకుముందు ఆయనకు ఒజిబ్వె భాష వంటబట్టింది బేర్ ఐలాండ్‌లో పెళ్ళాడిన ఏంజెల్ ఎగ్వునా వల్ల. ఇద్దరు ఆడవాళ్ళు ఇచ్చిన భాష, ఇచ్చిన బుద్ధి కలిపి ఒక తెల్లవాడు సభల్లో అమ్ముకున్నాడు. అనహారియో తన మాట తాను పూర్తిగా చెప్పుకున్న పుస్తకం 1972లో గానీ రాలేదు. ఇది ఒక్క తెల్లవాడి నేరంగా చూస్తే సరిపోదు. జనానికి నిజమైన ఆదివాసీ స్త్రీ అక్కర్లేకపోయింది, తాము ఊహించుకున్న ఆదివాసీ కావలసి వచ్చాడు. శ్రోతలే వేషాన్ని అడిగి తెచ్చుకున్నారు.

పట్టా చదివిన పెద్దాయన

ఈ నేపథ్యంలో విలియం కమాండాను చూడాలి. 1913లో కిటిగాన్ జిబిలో పుట్టాడు. వేటగాడు, అడవిలో దారి చూపే గైడు, బిర్చి బెరడుతో పడవలు కట్టడంలో పేరుపొందిన పనివాడు. 1951లో, అంటే ఆ నిషేధాలు తొలగిన ఏడాదే, తన సమూహానికి ముఖ్యనాయకుడయ్యాడు. 1970 దాకా ఆ బాధ్యతలో ఉన్నాడు. 2011లో చనిపోయేదాకా మూడు వాంపమ్ పట్టీలకు సంరక్షకుడు ఆయనే.

వాంపమ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. సముద్రపు గవ్వల నుంచి చేసిన తెల్లని, ఊదారంగు పూసలతో అల్లిన పట్టీ. మ్యూజియంలో చూస్తే నగలా కనిపిస్తుంది. నిజానికి అది దస్తావేజు. జాతులు ఒప్పందం చేసుకున్నప్పుడు అల్లుతారు, సంరక్షకుడు దాన్ని చేతుల్లో పట్టుకుని జనం ముందు చదువుతాడు. జనం ముందు చదివితేనే దానికి ప్రాణం. కమాండా దగ్గరున్న ఒక పట్టీలో ముగ్గురు మనుషులు చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. మధ్యలో ఉన్నది ఆ నేల మనిషి, అటూ ఇటూ ఫ్రెంచి వాడు, ఇంగ్లీషు వాడు. పక్కన శిలువ గుర్తు. నేలను కలిసి పంచుకుందాం, మధ్యలో ఉన్న మనిషి మాత్రం అతిథి కాదు, ఇంటివాడు అన్నది దాని అర్థం. రెండోది సరిహద్దు దాటే హక్కును చెప్పే జే ఒప్పందం నాటిది. మూడోది ఏడు నిప్పుల జోస్యం. తూర్పు నుంచి వచ్చే తెల్లజాతి సోదరుడి మొహంతో వస్తుందా, మృత్యువు మొహంతో వస్తుందా అని హెచ్చరించే జోస్యం అది. ఏడో నిప్పు కాలంలో కొత్త తరం వెనక్కి నడిచి, దారిలో జారిపోయినవన్నీ ఏరుకుంటుందని చెబుతుంది.

1987లో ఆదివాసీల హక్కుల మీద కెనడా ప్రధాని, రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చున్న సమావేశంలో కమాండా ఆ పట్టీ విప్పి చెప్పాడు. ఆ సమావేశం ఏ ఒప్పందమూ లేకుండా ముగిసింది. ఆ తర్వాత ఆయన ఊరూరా తిరిగి చెప్పాడు. కిటిగాన్ జిబిలో తన ఇంటి దగ్గర చెరువుగట్టున ఏటా జనాన్ని పోగుచేశాడు. ఏ జాతివాళ్ళైనా రావచ్చు, తిండి పెడతారు, పట్టీలు చూపిస్తారు, చెబుతారు. దానికి 'సకల జాతుల వలయం' అని పేరు. ప్రేమ, క్షమ ఆయన ఎప్పుడూ చెప్పిన మాటలు.

ఈ క్షమ అన్న మాట దగ్గర మాకు పేచీ ఉంది. నేరం చేసినవాడు ఒప్పుకోకముందే క్షమించేస్తే నేరం సంగతేమిటి? ఆధిపత్య సమాజానికి క్షమించే ముసలాయన అంటే ఎంతో ఇష్టం. హక్కు అడిగే కుర్రాడంటే భయం. 2006లో ఒట్టావా నగరం కమాండాకు నగర తాళంచెవి ఇచ్చి గౌరవించింది. తర్వాత దేశపు పెద్ద బిరుదు కూడా ఇచ్చారు. ఆ తాళంచెవి సంగతి ఒక్క నిమిషం ఆలోచించండి. ఎన్నడూ రాసివ్వని ఇంట్లో జొరబడినవాళ్ళు ఇంటి యజమానికే తాళంచెవి బహుమతిగా ఇచ్చారు. అది కూడా తలుపు తెరవని తాళంచెవి!

అయినా కమాండాను 'రాజీపడ్డ పెద్దమనిషి' అనడం అన్యాయం అవుతుంది. ఆయన చేసింది కథాకాలక్షేపం కాదు. ప్రతి సభలోనూ ఆయన చదివింది పట్టా. జాగ్రత్తగా విన్నవాడికి క్షమ మాట వెనకే 'నువ్వు ఒప్పుకున్న షరతు ఇదీ' అన్న మాట వినపడుతుంది. వినేవాళ్ళు మొదటి సగం విని చప్పట్లు కొట్టి లేచిపోతే అది చెప్పినవాడి తప్పెట్లా అవుతుంది?

కోర్టులు కూడా చాలాకాలం ఇట్లాగే విన్నాయి. బ్రిటిష్ కొలంబియాలో గిట్‌క్సాన్ ప్రజల భూమి కేసులో ఒక వృద్ధురాలు తమ వంశపు పాటను సాక్ష్యంగా పాడబోతే, నాది రేకుచెవి, పాడినా లాభం లేదని జడ్జి అన్నాడు. 1991లో ఆ జడ్జి కేసు కొట్టేశాడు. 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి, మౌఖిక చరిత్రను సాక్ష్యంగా తీసుకుని తగిన విలువ ఇవ్వాలని చెప్పింది. పాటను సాహిత్యంగా వినడం సులువు, సాక్ష్యంగా వినడమే కష్టం. రేకుచెవులు కోర్టుల్లోనే కాదు, సాహిత్య సభల్లో కూడా ఉంటాయి.

పొగాకు, జలపాతం, అపార్ట్‌మెంట్లు

ఆధ్యాత్మికత అనే మాట వింటేనే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. ఆ మాట పేరుతోనే గదా మనల్ని ఊరవతల ఉంచారు! అందుకని ఆల్గాన్క్విన్ల క్రతువుల్ని కూడా మూఢనమ్మకాల పద్దులో రాసేద్దామా? తొందరపడొద్దంటాం. 1613లో షాంప్లేన్ ఒట్టావా దగ్గరి షోడియేర్ జలపాతం వద్ద తాను చూసింది రాశాడు. పడవల్ని మోసుకుని జలపాతం దాటాక అందరూ ఒకచోట చేరతారు. ఒకడు చెక్కపళ్ళెం పట్టుకుని తిరుగుతాడు, ప్రతి ఒక్కరూ అందులో కాస్త పొగాకు వేస్తారు. పళ్ళేన్ని మధ్యలో పెట్టి చుట్టూ ఆడి పాడతారు. ఒకరు ప్రసంగం చేస్తారు. తర్వాత ఆ పొగాకును జలపాతంలో వేస్తారు. ఈ వర్ణనలో మడి లేదు, మైల లేదు. ఎవరి చేతి పొగాకు పనికిరాదన్న ప్రశ్న లేదు. గర్భగుడి లేదు, గడప బయట నిలబడ్డవాడు లేడు. గమనించాల్సింది ఇంకొకటుంది. అది కూడా ఒక సభే. ఆ ప్రసంగం కూడా బహిరంగ ప్రసంగమే. నాలుగు వందల ఏళ్ళ తర్వాత హాళ్ళలో మైకు ముందు చెబుతున్నది ఆ జలపాతం పక్కన మొదలైన మాటే.

ఆ జలపాతానికి ఏమైంది? కరెంటు కోసం, మిల్లుల కోసం 1910 నాటికి చుట్టూ ఆనకట్ట కట్టేశారు. దాన్ని విడిపించి, ఆ దీవుల్ని అన్ని జాతులూ కలిసే చోటుగా మార్చాలన్నది కమాండా కల. ఆయన పోయాక అక్కడ అపార్ట్‌మెంట్ల ప్రాజెక్టు వచ్చింది. దానికి పెట్టిన పేరు 'జిబి'. ఆల్గాన్క్విన్ భాషలో నది అని! క్విబెక్ వైపు ఆల్గాన్క్విన్ నాయకుల్లో చాలామంది వ్యతిరేకించారు, పిక్వాకనగాన్ నాయకత్వం ఒప్పుకుంది. పేదరికంలో ఉన్న సమూహం ఉద్యోగాల మాట విని ఒప్పుకుంటే దాన్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మేం అడిగేది వేరే. నదిని కట్టేసి, నది పేరును బోర్డు మీద రాసుకునే పద్ధతిని ఏమంటారు? మాటను గౌరవించడం అంటారా, మాటను కూడా కబ్జా చేయడం అంటారా?

సభలో చప్పట్లు, రోడ్డు మీద టియర్ గ్యాస్

ఒట్టావా హాళ్ళకు ఉత్తరాన బారియర్ లేక్ అనే ఆల్గాన్క్విన్ సమూహం ఉంది. భాషను ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకుంటున్న సమూహం. వాళ్ళకు 1961లో ఇచ్చిన రిజర్వు 59 ఎకరాలు. చుట్టూ ఉన్న వాళ్ళ అడవిలో కలప కంపెనీలు కొట్టుకుపోతుంటే పోరాడి 1991లో కెనడా, క్విబెక్ ప్రభుత్వాలతో త్రైపాక్షిక ఒప్పందం సాధించారు. వాళ్ళు ఆ ఒప్పందాన్ని ముగ్గురు మనుషుల వాంపమ్ పట్టీకి కొనసాగింపుగానే చూశారు. ప్రభుత్వాలు దాన్ని అమలు చేయలేదు. 2008 అక్టోబరులో ఆ జనం పిల్లాజెల్లాతో 117వ నెంబరు హైవే మీద కూర్చున్నారు. పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. 2010లో వాళ్ళ ఆచారం ప్రకారం నాయకుల్ని ఎన్నుకునే పద్ధతిని పక్కకు నెట్టి, ఇండియన్ చట్టం ప్రకారం ఎన్నికలు రుద్దారు.

అదే పట్టీ, అదే మాట. హాల్లో చెబితే చప్పట్లు, రోడ్డు మీద చెబితే టియర్ గ్యాస్. సంస్కృతి మీద ప్రేమ ఎక్కడిదాకానో తెలియాలంటే ఈ రెండు దృశ్యాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మన దగ్గర కూడా డప్పు ప్రభుత్వ ఊరేగింపులో ఉంటే కళ, 1994లో దండోరాగా మోగితే గొడవ!

లోపలి నుంచి వచ్చిన ప్రశ్న

ఇంతవరకూ బయటివాళ్ళను నిలదీశాం. అయితే ఆల్గాన్క్విన్ సమాజం లోపల్నుంచి కూడా పదునైన ప్రశ్నలు వచ్చాయి. లిన్ గెల్ అనే ఆల్గాన్క్విన్ పరిశోధకురాలు వాటిని అడిగింది. తండ్రి తరఫు తాత ఎవరో కాగితం మీద లేడు కాబట్టి నువ్వు ఇండియన్‌వి కాదని ప్రభుత్వం ఆమెకు గుర్తింపు నిరాకరించింది. బయటి మగవాణ్ణి పెళ్ళాడిన ఆడవాళ్ళ గుర్తింపును 1985 దాకా తీసేసిన చట్టం అది. మగవాళ్ళకు ఆ శిక్ష లేదు. గెల్ ఏళ్ళ తరబడి పోరాడి 2017లో ఒంటారియో అప్పీలు కోర్టులో గెలిచింది. ఆమె 2014 నాటి పుస్తకం వాంపమ్ చెప్పే సత్యం గురించి, ఆల్గాన్క్విన్ భూమి ఒప్పందాల తంతు గురించి. 1764లో నయాగరా దగ్గర 24 జాతులు బ్రిటిష్ వాళ్ళతో పట్టీలు మార్చుకుని చేసుకున్న ఒప్పందంలో జాతికీ జాతికీ మధ్య సమానత్వం ఉందని, నేటి ఒప్పందాల్లో అది లేదని ఆమె వాదన.

లెక్క చూస్తే ఆమె వాదన బలం తెలుస్తుంది. 2016లో ఒంటారియో ఆల్గాన్క్విన్లతో కుదిరిన సూత్రప్రాయ ఒప్పందం 36,000 చదరపు కిలోమీటర్ల మీద దావాకు సంబంధించింది. తిరిగి ఇస్తామన్నది 1,17,500 ఎకరాలు, 30 కోట్ల డాలర్లు. నూటికి రెండు ఎకరాలు కూడా లేదు. పైగా ఆ దావాలో ఎవరు ఆల్గాన్క్విన్ అన్నదే పెద్ద తగాదా అయింది. 2023లో దాదాపు 2,000 మంది పేర్లు జాబితా నుంచి తీసేశారు. ఎన్నో తరాల వెనక ఒక్క పూర్వీకుణ్ణి చూపించి చేరినవాళ్ళు ఒకవైపు, సొంత నాయనమ్మ కథ తెలిసి కూడా కాగితం లేని గెల్ లాంటివాళ్ళు ఇంకోవైపు. గ్రే ఔల్ ఒక్కడే కాదని తేలింది. నకిలీ కుల సర్టిఫికెట్ల గురించి తెలిసిన మన విద్యార్థులకు ఈ తగాదా విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

అదే 2016 డిసెంబరులో కిటిగాన్ జిబి ఇంకో దారి పట్టింది. పార్లమెంటు ఉన్న కొండతో సహా నడి ఒట్టావా నేల మీద హక్కు మాదేనని కోర్టులో దావా వేసింది. సభల మొదట్లో చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని అక్షరాలా నమ్మి కాగితం మీద పెట్టారన్నమాట. మీరు రోజూ ఒప్పుకుంటున్న మాటే గదా, కోర్టులో కూడా ఒప్పుకోండి!

మన వైపు నుంచి

ఇట్లా చూసినప్పుడు మాకు తేలిందేమిటంటే, కథను పంచుకోవడం వేరు, కథను ఇచ్చేయడం వేరు. కమాండా పంచుకున్నాడు, పట్టీ మాత్రం ఆయన చేతిలోనే ఉంది. స్పెక్‌కు కథ చెప్పినవాళ్ళ చేతిలో చివరికి ఏమీ మిగల్లేదు. తేడా చెప్పే కథలో లేదు. ఆ సభను ఎవరు పిలిచారు, ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో ఎవరు నిర్ణయించారు, సభ అయ్యాక ఏమి మారింది అన్న వాటిలో ఉంది.

సభలవల్ల ఏమీ కాదని మేం అనం. 2021-22లో ఒట్టావా నగర ఇంగ్లీషు ఆస్థానకవి పదవిలో కిటిగాన్ జిబికి చెందిన ఆల్బర్ట్ డ్యూమాంట్ ఉన్నాడు. నది ఒడ్డున ఉన్న పెద్ద రోడ్డుకు రెసిడెన్షియల్ స్కూళ్ళను నెలకొల్పిన తొలి ప్రధాని మెక్‌డొనాల్డ్ పేరు తీసేయాలని గొంతెత్తినవాళ్ళలో ఆయన ఒకడు. 2023లో ఆ రోడ్డు పేరు 'కిచి జిబి మీకన్'గా మారింది, మహానది దారి అని. 2022లో కమాండా మనవరాలు క్లాడెట్ కమాండా ఒట్టావా యూనివర్సిటీకి ఛాన్సలర్ అయింది. ఇవి చిన్న విజయాలు కావు. పేరు మారితే నేల రాదు, నిజమే. కానీ పేరే లేనివాడి దావాను ఎవరూ ఎత్తుకోరు.

ఉద్యోగాలకూ చదువులకూ కెనడా వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా ఇప్పుడు ఇలాంటి నేలల మీదే ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడి సభల్లో ఆ వాక్యాన్ని వాళ్ళూ చదువుతారు. 2023 మార్చిలో టొరంటో స్కూల్ బోర్డు కుల వివక్షను గుర్తించాలని తీర్మానించినప్పుడు కొన్ని హిందూ సంఘాలు దాన్ని అడ్డుకోవాలని చూశాయి. పరాయి నేల మీద ఎవరో చేసిన అన్యాయాన్ని తలచుకోవడానికి సిద్ధపడేవాళ్ళు తమతో మోసుకెళ్ళిన అన్యాయం పేరెత్తితే ఉలిక్కిపడటం ఎందుకో వాళ్ళే చెప్పాలి.

ఇక మన పని సంగతి. జాంబపురాణం పటం విప్పి చెప్పే డక్కలివాళ్ళ దగ్గరికి, చిందు ఆడేవాళ్ళ దగ్గరికి టేపు రికార్డరు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం, మా విద్యార్థులూ ఉన్నారు. ఇవాళ సెల్‌ఫోన్ పట్టుకుని వెళుతున్నారు. డాక్టరేట్ పట్టా మనకొస్తుంది. కథ చెప్పినవాడికి ఏ పట్టా వస్తుంది? రికార్డు చేసిన దాని ప్రతి ఆ ఊళ్ళో ఉండాలి. పుస్తకం మీద చెప్పినవాళ్ళ పేరు మన పేరుకన్నా ముందు ఉండాలి. చెప్పొద్దన్న కథను అచ్చు వేయకూడదు. సభకు పిలిచినప్పుడు ప్రార్థనకూ పాటకూ మాత్రమే కాదు, నిర్ణయాలు చేసే కుర్చీలో కూర్చోవడానికి పిలవాలి. ఆ పటంలోని కథను పురాణంగా మాత్రమే కాకుండా, ఈ నేల మీద మొదట ఎవరున్నారో చెప్పే సాక్ష్యంగా చదవాలి. ఆల్గాన్క్విన్ పెద్దలు గవ్వల పట్టీని అట్లాగే చదివారు. మన పటాల్ని మనం అట్లా చదవడం ఇంకా పూర్తిగా మొదలుపెట్టలేదు.